ఈగ గాలము – డెలావేరు నదిలో వేసవి వేట

చెరువుగట్టున గాలము వేయువారిని చూడని బాలుడు మనదేశమున నుండడు. ఒక వెదురుకఱ్ఱ, దానికొక త్రాడు, త్రాటికి నెమలియీక బెండు, కొసను గాలము, గాలమునకు వానపాము ఎర: పరికరములన్నియు నింతియే. బెండు మునిగినతోడనే కఱ్ఱ నెత్తుదురు. చేప గట్టున బడును. సాయంకాలమునకు కూర యగును. అయితే ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములందు వేఱొక పద్ధతి కలదు. ఎర లేదు, బెండు లేదు, సీసపు గుండు లేదు. మనుష్యుడు నడుములోతు నీట నిలిచి, పక్షియీకలతో గట్టిన కృత్రిమపు టీగను నీటిపై విసరి చేపను పట్టును. దీనిని వారు ఫ్లై ఫిషింగు అందురు. మనము ఈగ గాలమని పిలుచుకొందము. పట్టిన చేపను మరల నీటిలోనే విడిచివేయుట వారిలో ననేకులకు ఆచారము. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు నవ్విరి. "విడుచుటకైతే పట్టుట యేల, అయ్యా?" అని వారిలో నొకడడిగెను. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ ప్రశ్నయే కారణము. దానికి ప్రత్యుత్తరము ఒక్క వాక్యములో చెప్ప శక్యము కాదు. మొదట ఆ నదిని, ఆ చేపలను ఎఱుగవలెను.

ఈ విద్య క్రొత్తది కాదు. క్రీ. శ. 200 ప్రాంతమున ఈలియన్ అను రోమా గ్రంథకర్త, మాసిదోనియలోని ఒక నదియందు జనులు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిమెడ యీకలు రెండు గట్టి, చుక్కలుగల చేపలను పట్టుచుండిరని వ్రాసెను. అపొస్తలుడైన పౌలు సువార్త ప్రకటించిన మాసిదోనియ యదియే. ఇంగ్లండులో 1496లో అచ్చుపడిన యొక గ్రంథమున ఈగలను గట్టు విధములు వర్ణింపబడినవి. ఐజాక్ వాల్టన్ రచించిన సుప్రసిద్ధ గ్రంథము 1653లో వెలువడెను. సువార్తలలో చేపలు పట్టువారి ప్రస్తావన పలుమారులు వచ్చినను, అదంతయు వలలకు సంబంధించినదే. గాలమును గూర్చి ఒక్కచోటనే, మత్తయి సువార్త 17వ అధ్యాయమున, పన్ను చెల్లించు సందర్భమున చెప్పబడినది. వల వేయువాడు గుంపును పట్టును. గాలము వేయువాడు ఒక్క చేపతో వ్యవహరించును. ఈ భేదము మనస్సున నుంచుకొనవలెను.

నేను వర్ణింపబోవు నది డెలావేరు. న్యూయార్కు రాష్ట్రమందలి క్యాట్స్‌కిల్ కొండలలో దీనికి రెండు శాఖలు పుట్టును. ఆ రెండును హాంకాక్ అను ఊరియొద్ద కలిసి, న్యూయార్కు పెన్సిల్వేనియా రాష్ట్రములకు సరిహద్దుగా ప్రవహించి, తుదకు అట్లాంటిక్ సముద్రమున గలియును. ఆ రెండు శాఖలమీద ఆనకట్టలున్నను, కలిసిన పిమ్మట ప్రధాన ప్రవాహమునకు అడ్డముగా ఒక్క ఆనకట్టయు లేదు. ఎగువను ట్రౌట్ చేప, దిగువను స్మాల్‌మౌత్ బాస్ చేప కలవు. ఈ రెంటికిని చుట్టఱికము లేదు. ట్రౌట్ సాల్మన్ కుటుంబమునకు చెందినది. సన్నని పొలుసులు, ఒడలినిండ చుక్కలు, వీపుమీద తోకకు దగ్గఱగా చిన్న కండ రెక్క దాని గుఱుతులు. బాస్ కంచువన్నె గలది. ప్రక్కలయందు నిలువు చారలు, ఎఱ్ఱని కన్ను, వీపుమీద ముండ్ల రెక్క గలవు. చిన్ననోటి చేప యని దాని పేరునకు అర్థము. ఆ నోరు చిన్నదగుట దాని అన్నయగు పెద్దనోటి బాస్‌తో పోల్చినప్పుడు మాత్రమే. మిడుతను గాని పరిగపిల్లను గాని మ్రింగుటకు దానికి చాలినంత నోరే కలదు.

వింత యేమనగా, నేడు ఆ నదిలో ప్రసిద్ధి గాంచిన చేపలు మూడును ఆ నదికి పరదేశులే. అక్కడి స్వదేశీ చేప బ్రూక్ ట్రౌట్ అనునది. పందొమ్మిదవ శతాబ్దమున తోళ్ల కార్ఖానాలవారు తోళ్లు పదును చేయుటకు హెమ్లాకు చెట్ల బెరడు కొఱకై క్యాట్స్‌కిల్ అడవులను నఱికివేసిరి. చెట్లనీడ పోవుటచే వాగులు వేడెక్కెను. తోళ్ల మురికి నీటిలో గలిసెను. బ్రూక్ ట్రౌట్ కొండమీది చిన్న చిన్న ఏళ్లలోనికి తప్పుకొనెను. 1883లో జర్మనీ దేశమునుండి ఫాన్ బేర్ అను ప్రభువు పంపిన బ్రౌన్ ట్రౌట్ గ్రుడ్లు ఓడమీద న్యూయార్కు చేరెను. వేడిని కొంచెము ఎక్కువగా నోర్చుకొనగల యీ చేప ఆ నదులలో వృద్ధిపొందెను. ఇంద్రధనుస్సు ట్రౌట్ కాలిఫోర్నియానుండి వచ్చెను. బాస్ కథ మఱియు చిత్రమైనది. అది పడమటి నదులకును మహాసరస్సులకును చెందినది. 1854లో ష్రైవర్ అను నతడు వీలింగ్ వాగులోని చేపలను కొన్నిటిని చిల్లుల తొట్టిలో నుంచి, ఆ తొట్టిని రైలింజను వెనుకనుండు నీళ్ల బండిలో మునిగియుండునట్లు వ్రేలాడదీసి, కొండలు దాటించి పోటోమాక్ నదికి జేర్చెను. అక్కడినుండి వాటి సంతతి 1870లో డెలావేరునకు వచ్చినది. ఆవిరియంత్రమునకై నింపిన నీటిలో చేపలు ప్రయాణము చేసినవన్నమాట! నేటి శాస్త్రజ్ఞులు ఇట్టి పనిని మెచ్చరు. క్రొత్తచేపను విడిచిన నదిలో పాతచేపలకు ఏమి సంభవించునో ముందుగా నెవ్వరును చెప్పలేరు గదా.

ఇక విసరు విధమును చెప్పెదను. మన గాలమున బరువంతయు కొసనుండును. ఎరయో గుండో ముందు పోవగా త్రాడు దానివెంట బోవును. ఈగకు బరువే లేదు. గఱికపోచంత తేలికయైన వస్తువును అరువది అడుగుల దూరము విసరుట యెట్లు? ఇక్కడ త్రాడే బరువు. అది లావుగా నుండి, కొసకు పోనుపోను సన్నబడును. పూర్వము పట్టుతో నేసి నూనె పట్టించుచుండిరి; ఇప్పుడు ప్లాస్టిక్కు పూత పూయుదురు. త్రాటి చివర కంటికి కానరాని సన్నని తీగ తొమ్మిదడుగులు. దాని కొసను ఈగ. వేటగాడు తొమ్మిదడుగుల కఱ్ఱను పైకెత్తి త్రాటిని వెనుకకు విసరును. అది గాలిలో వెనుకవైపు పూర్తిగా చాపుకొనువఱకు క్షణమాత్రము ఆగును. అప్పుడా త్రాటి బరువునకు కఱ్ఱ విల్లువలె వంగును. ఆ వంగిన కఱ్ఱను ముందునకు దెచ్చి తటాలున ఆపగా, త్రాడు చుట్టగా విప్పుకొనుచు ముందునకు సాగి, ఈగ తుదకు మెల్లగా నీటిపై వ్రాలును. మన బండివాని చెర్నాకోలను చూచినవారికి ఇది సుబోధము. నేర్చుకొనువారు చెడిపోవునది బలము చాలక కాదు, ఆ క్షణమాత్రము ఆగలేకపోవుటచేతనే. వెనుక త్రాడు చాపుకొనకముందే ముందునకు లాగినచో ఈగ చెవికి గ్రుచ్చుకొనును.

కఱ్ఱను పూర్వము చైనాదేశపు వెదురును ఆఱు బద్దలుగా చీల్చి అతికి చేయుచుండిరి. నేడు మిక్కిలిగా కర్బనపు నారతో చేయుచున్నారు. ఈగను కట్టుటకు కోడిపుంజు మెడయీకలు, లేడివెండ్రుకలు, పట్టుదారము వాడుదురు. మన దక్షిణదేశపు బూడిదవన్నె అడవికోడి మెడయీకలకు, వాటిపై నుండు మైనపు బొట్టువంటి మెఱుగుచుక్కల కారణమున, ఆ దేశములలో ఎంతో గిరాకి యుండెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మనదేశమున ఆ పక్షిని కాపాడుచున్నది.

ఈగ యనగా ఏ ఈగ? మన యింటి యీగ కాదు. ట్రౌట్‌నకు ముఖ్యాహారము మేఫ్లై అను జలకీటకము. దాని పిల్ల ఇంచుమించు ఒక సంవత్సరము నదియడుగున రాళ్లనడుమ నివసించును. తుదకొకనాడు నీటిపైకి వచ్చి, పొర చీల్చుకొని, రెక్కలతో ఎగిరిపోవును. మరల నొకమాఱు చర్మమును విడిచి పూర్ణరూపము దాల్చును. రెక్కలు వచ్చిన పిమ్మట పొర విడుచు కీటకము మఱియొకటి లేదు. ఆ రూపమున దానికి తినుటకు నోరు పనిచేయదు. జతగూడి గ్రుడ్లు పెట్టి, ఒకటి రెండు దినములలో చచ్చి నీటిమీద పడును. వసంతమున పెద్దవి పుట్టును. వేసవి ముదిరినకొలది చిన్నవి మిగులును. ఆగష్టు నెల ప్రాతఃకాలమున నీటిపై పడు ట్రైకో అనునది అన్నపు మెతుకులో సగముండదు. మధ్యాహ్నమున గాలికి గట్టునుండి కొట్టుకొని వచ్చు చీమలు, పేడపురుగులవంటి పురుగులు, మిడుతలు చేపకు భోజనమగును. కావున వేటగాడు మొదట గాలము విప్పడు. రాతిని తిరుగవేసి దానిక్రింద నున్న పురుగును జూచును. థియొడోర్ గార్డన్ అను నతడు క్యాట్స్‌కిల్ వాగుల యొడ్డున నివసించి, ఇంగ్లండులోని హాల్‌ఫర్డ్ అను పండితునితో ఉత్తరములు జరిపి, ఆయన పంపిన యీగల నమూనాలు అమెరికా పురుగులకు సరిపోవని కనిపెట్టి, స్వదేశపు కీటకములను జూచి క్రొత్తవి కట్టెను. 1915లో అతడు చనిపోయెను. అతని పేరుగల ఈగను నేటికిని వాడుచున్నారు.

చేప మనలను చూచునా? ఇది భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకు మంచి లెక్క. వెలుతురు గాలినుండి నీటిలో ప్రవేశించునప్పుడు వంగును. అందుచే నీటిలోని చేపకు పైలోకమంతయు తలపై నొక గుండ్రని కిటికీగుండ మాత్రమే కనబడును. ఆ కిటికీ కోణము సుమారు 97 డిగ్రీలు. కిటికీకి వెలుపల నీటియుపరితలము అద్దమువలె అడుగునే చూపును. అడుగు లోతున నున్న చేపకు ఆ కిటికీ వ్యాసము రెండుంబావు అడుగులు మాత్రమే. గట్టున నిటారుగా నిలిచినవాడు ఆ కిటికీ అంచున స్పష్టముగా కనబడును. క్రిందికి వంగినవాడు అంచున నలిగి అస్పష్టమగును. ఈ కారణమున వేటగాడు వంగి, దిగువనుండి, చేప వెనుకగా సమీపించును. చేప యెల్లప్పుడు ప్రవాహమునకు ఎదురుగా తలపెట్టి యుండును గదా. ఈగ ప్రవాహముతో సహజముగా తేలి రావలెను. త్రాడు లాగుటచే ఈగ రవంత అడ్డముగా జరిగినను ట్రౌట్ దానిని ముట్టదు. నిజమైన పురుగు నీటిలో ఏటికెదురు నడవదని దానికి తెలియును.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. అది వేసవి వేడి.

చేప రక్తము వేడి నీటి వేడినిబట్టి యుండును. నీరు వెచ్చనైనకొలది దాని శరీరమునకు ప్రాణవాయువు ఎక్కువ కావలెను. కాని వెచ్చని నీరు తక్కువ వాయువునే యిముడ్చుకొనగలదు. 10 సెంటీగ్రేడు డిగ్రీలయొద్ద లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు పట్టును. 20 డిగ్రీలయొద్ద 9. 25 డిగ్రీలయొద్ద 8 మాత్రమే. ఖర్చు పెరుగుచుండగా జీతము తగ్గిన సంసారివంటి దీ చేప. బ్రౌన్ ట్రౌట్ 12 మొదలు 18 డిగ్రీలలో సుఖముగా నుండును. 20 దాటిన పిమ్మట ఆయాసపడును. 25 దాటి దీర్ఘకాలము నిలిచినచో చచ్చును. అట్టి యెండలో గాలమునకు దగిలి పెనుగులాడిన చేపను ఎంత దయతో విడిచినను, అది తోక ఆడించి లోతునకు పోవును గాని, కొన్ని గంటలకు ఏ రాతిక్రిందనో చనిపోవుట గలదు. విడిచినవాడు దానిని చూడడు. తాను ఒక ప్రాణమును కాచితినని సంతోషముతో ఇంటికి బోవును.

అందుచే ఆ నదియొద్ద మంచి వేటగాడు జేబులో ఉష్ణమాపకము నుంచుకొనును. నీరు 20 డిగ్రీలకు, అనగా 68 ఫారన్‌హీటు డిగ్రీలకు రాగానే ట్రౌట్ వేటను మానును. ఇందొక పొరపాటు సర్వసాధారణము. సాయంకాలము గాలి చల్లబడగానే నీరును చల్లబడినదని తలంచెదరు. అట్లు కాదు. దినమంతయు ఎండ గ్రహించిన నీరు సాయంకాలము నాలుగు మొదలు ఆఱు గంటలవఱకు మిక్కిలి వెచ్చగా నుండి, రాత్రియంతయు మెల్లగా చల్లారి, తెల్లవాఱుజామున మిక్కిలి చల్లనగును. కావున వేసవిలో ట్రౌట్‌నకు ప్రాతఃకాలమే తగిన సమయము.

ఇంత వేడిలోను ఎగువ డెలావేరున ట్రౌట్ బ్రదుకుటకు కారణము ఆనకట్టలు. న్యూయార్కు నగరమునకు త్రాగునీటి కొఱకై తూర్పుశాఖమీద పెపాక్టన్ జలాశయమును 1955లోను, పడమటిశాఖమీద క్యానన్స్‌విల్ జలాశయమును 1964లోను పనిలోనికి దెచ్చిరి. వేసవిలో లోతైన జలాశయమున వెచ్చని తేలికనీరు పైనను, చల్లని బరువునీరు అడుగునను పొరలుగా నిలుచును. తూము అడుగున నుండుటచే మండుటెండలో సయితము మంచువంటి నీరు నదిలోనికి వచ్చును. అంతకుముందు హాంకాక్ పరిసరములందు బాస్ రాజ్యము చేయుచుండెను. ఇప్పుడక్కడ ట్రౌట్ రాజ్యము. నీరు విడుచుట చేపల కొఱకు మాత్రమే గాదు. దిగువ రాష్ట్రముల హక్కులను కాపాడుచు, న్యూజెర్సీలోని మాంటేగ్ వద్ద సెకనునకు 1,750 ఘనపుటడుగుల ప్రవాహ ముండవలెనని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1954లో తీర్పు చెప్పెను. దిగువను వానలు కురిసి నది నిండినప్పుడు పైనుండి నీరు తక్కువగా విడుతురు. అట్టిదినములలో ఎండ కాసిన యెడల హాంకాక్ క్రింద నీరు త్వరగా వేడెక్కును. చేపల పక్షమున వాదించువారు ఇట్టి సమయములందు కొంత చల్లని నీరు ప్రత్యేకముగా విడువుడని కోరుచు వచ్చిరి. ఒకవైపు కోట్లలెక్కకు సమీపించు నగరప్రజల దాహము, మఱియొకవైపు చేపలు. ఎవరి వాదము వారిది.

పెపాక్టన్ క్రింద నాలుగు పల్లెలు మునిగినవి. సమాధులను సయితము త్రవ్వి వేఱుచోటికి మార్చిరి. ఆ 1955వ సంవత్సరముననే మన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. నీటిక్రింద ఊరు పోగొట్టుకొనిన వారి దుఃఖము మనవారికి వేఱుగ చెప్పవలసిన పనిలేదు.

వేడి యెక్కిన మధ్యాహ్నమున వేటగాడు ఏమి చేయును? దిగువకు బోవును. కాలికూన్ దాటి పోర్ట్ జెర్విస్ వైపు పోయినకొలది నది వెడల్పై వెచ్చనగును. 20 మొదలు 27 డిగ్రీలవఱకు బాస్‌నకు పండుగ. ఇక్కడ సన్నని యీగతో పనిలేదు. బెండుతోగాని లేడివెండ్రుకలతోగాని చేసిన పెద్ద యీగను నీటిపై వేసి, త్రాటిని కొంచెము గుంజగా అది కప్పవలె "బుడుంగు"మని చప్పుడు చేయును. కొంతసేపు కదలనీయక యుంచవలెను. అలలు చెదరి నీరు నిశ్చలమైన క్షణమున బాస్ దానిని క్రిందినుండి కొట్టును. దగిలినతోడనే మూరెడెత్తు గాలిలోని కెగిరి తల విదలించును. ట్రౌట్ పెద్దమనుష్యుడైతే ఇది జగడాలమారి. నాకు మాత్రము ఈ జగడాలమారియే మిన్న. రొయ్యవంటి క్రేఫిష్ దానికి ప్రియాహారము. కావున అడుగున ప్రాకునట్టి గోధుమవన్నె యీగయు బాగుగా పనిచేయును.

బాస్ గుణములలో ఒకటి నాకు మిక్కిలి యిష్టము. వసంతాంతమున నీరు 15, 16 డిగ్రీలు రాగానే మగచేప తోకతో గులకఱాళ్లను ఊడ్చి పళ్లెమువంటి గూడు చేయును. ఆడుచేప గ్రుడ్లు పెట్టి వెడలిపోవును. ఆ మీద తండ్రియే గ్రుడ్లను విసరుచు, దొంగచేపలను తఱుముచు, పొదిగిన పిల్లలు చెదరువఱకు కావలి యుండును. మన చెరువులలో కొఱ్ఱమీను ఎఱ్ఱని పిల్లల గుంపును కాచుట మీలో పలువురు చూచియే యుందురు. ఆ కావలి దినములలో తండ్రిని గాలముతో బయటికి లాగినచో, మరల విడుచులోపలనే ఇతరచేపలు గూడు దోచుకొనును. కావున తెలిసినవారు గూటిమీది చేపకు గాలము వేయరు. వేసవి నడుమకు వచ్చునప్పటికి ఈ చిక్కు తీరిపోవును.

ఇక ఆ బాలుని ప్రశ్న. కూటికి చేపను పట్టుటను నేను తప్పుపట్టను. ప్రభువు శిష్యులలో కొందఱు జాలరులే. నిత్యము వేలకొలది జనులు గాలము వేయు నదిలో పట్టినవాడెల్ల చంపినయెడల, నాలుగేండ్లకు చేప యుండదు. విడుచుటకు మొదటి కారణమిది. కాని వినోదమునకై ప్రాణిని బాధించుట న్యాయమా యని అడిగినచో, నేను పూర్ణసమ్మతి నీయలేను. చేపకు నొప్పి యుండునని చెప్పు శాస్త్రజ్ఞులు కలరు. మనకువలె నుండదని వాదించువారును కలరు. ఇంత మాత్రము నిశ్చయము: విడువదలచినవాడు ముల్లులేని గాలమునే వాడవలెను, త్వరగా ఒడ్డునకు దేవలెను, చేయి తడిపి పట్టవలెను, ఏలయనగా పొడిచేయి చేపమీది జిగురును చెఱచును, నీటినుండి పైకెత్తరాదు, తల ప్రవాహమునకు ఎదురుగానుంచి, అది తనంతట పోవువఱకు నెమ్మదిగా పట్టియుండవలెను. తినదలచినవాడు వెంటనే చంపవలెను. ఫోటో కొఱకు చేపను ఎండలో పట్టుకొని నవ్వుచు నిలుచువాడు ఈ రెంటిలో ఏదియు చేయనివాడు.

ట్రౌట్‌ను చూడగోరు విద్యార్థులు సముద్రము దాటనక్కఱలేదు. తెల్లదొరలు పందొమ్మిదవ శతాబ్దముననే నీలగిరులకు దానిని తెప్పింప పలుమాఱులు ప్రయత్నించిరి. ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో ఇంద్రధనుస్సు ట్రౌట్ అక్కడి వాగులలో నిలద్రొక్కుకొనెను; అవలాంచియొద్ద పిల్లలను పెంచు తొట్లు కట్టిరి. కాశ్మీరమున బ్రౌన్ ట్రౌట్ గలదు. నీలగిరులలో ఆ వాగులు సముద్రమట్టమునకు ఇంచుమించు రెండువేల మీటర్ల యెత్తున నుండుటచేతనే అది బ్రదుకుచున్నది. మన కృష్ణా గోదావరీ కాలువలలో వైశాఖమాసపు నీట దానిని విడిచినయెడల ఒక్కపూట బ్రదుకజాలదు.